పెద్దాయన హత్యకు ఆహ్వానం

ఆ ఆదివారం పొద్దున పడమట ఒక మేఘం లేచింది. నీలగుట్ట జనం తలెత్తి చూసి మళ్ళీ తమ పని చూసుకున్నారు. రెండేళ్ళుగా మేఘాలు ఆ ఊరి మీదుగా కర్నాటక బస్సుల్లా ఆగకుండా పోతున్నాయి. ఇదీ గుట్ట దాకా వచ్చి, కాసేపు నీడ ఇచ్చి, పామిడి వైపు వెళ్ళిపోయింది.

మేఘం పోయినందుకు సంతోషించినవాడు ఊళ్ళో రామాంజనేయులు ఒక్కడే. ఆ సంతోషం బయటికి కనబడితే జనం తంతారని ముఖం కడుక్కునే నెపంతో దొడ్లోకి పోయాడు. సాయంత్రం నాలుగింటికి అతని నవల ఆవిష్కరణ ఉంది. సభ జరిగే మిద్దె కారుతుంది.

అతను హైస్కూల్లో తెలుగు అయ్యవారు. రెండు వేసవి సెలవులు తలుపేసుకుని కూర్చుని ఒక డిటెక్టివ్ నవల రాశాడు. అందులో పింఛను తీసుకుంటున్న ఒక పోస్టుమాస్టరు పడక కుర్చీలో మజ్జిగ తాగుతూ చచ్చిపోతాడు. ఎదురింట్లో బొరుగులు అమ్ముకునే ముసలమ్మ, బేరాలు లేనప్పుడు ఆలోచించి ఆలోచించి హంతకుణ్ణి పట్టుకుంటుంది. కొడవలి లేదు, బాంబు లేదు, రక్తపు చుక్క లేదు. ‘చదివి హాయిగా నిద్రపోవచ్చు’ అని అట్ట వెనక తనే రాసుకున్నాడు. కథలో పోస్టుమాస్టర్ని అందరూ పెద్దాయన అంటారు. అందుకని నవలకు ‘పెద్దాయన హత్య’ అని పేరు పెట్టాడు. పుస్తకాలు అనంతపురంలో అచ్చయి వచ్చి మంచం కింద ఉన్నాయి.

సభ సరస్వతీ విలాస పఠన మందిరంలో. జనం నోట అది రీడింగ్‌రూము. తెల్లదొరల కాలంలో కట్టిన రాతి మిద్దె. ఒకప్పుడు అక్కడ అవధానాలు జరిగాయి. యతి తప్పిన ఒక కవిని పొలిమేర దాకా తరిమారని ముసలివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఇప్పుడు సగం హాలులో విత్తనాల కోసం ఉంచిన వేరుశనగ బుడ్డల మూటలున్నాయి. విత్తే వాన రాలేదు గనుక అవి అక్కడే ఉన్నాయి. తూర్పు వీధికీ పడమటి వీధికీ సరిగ్గా నడుమ ఉండడం వల్ల ఆ మిద్దె తమది కాదని రెండు వీధులవాళ్ళూ అనుకున్నారు. అందుకే దాన్ని ఎవరూ ఊడ్చలేదు, ఎవరూ తగలబెట్టనూ లేదు.

అతని భార్య మల్లీశ్వరి పొద్దున్నే చిత్రాన్నానికి నిమ్మకాయలు కోస్తోంది.

"ఎంతమందికి చేసేది?" అంది.

"ఊరంతా వస్తారు."

"నీ పుస్తకానికా?"

"భోజనానికి."

"అట్లయితే సరే," అని ఇంకో బేసిన్‌లో బియ్యం నానబెట్టింది. పనికి ఆహారం పథకం బియ్యం తిని నాలుకలు మొద్దుబారిన ఊరు. నిమ్మకాయ వాసనకు ఎవరైనా వస్తారు.

చాటింపు పని యేసన్నకు ఇచ్చారు. అతనిది తలుపులూ అద్దాలూ ఉన్న ట్రాలీ ఆటో, దాని మీద రెండు మైకులుంటాయి. ముందు క్యాసెట్టులో రికార్డు చేసుకుని, దాన్ని తిప్పుకుంటూ వీధులు తిరుగుతాడు. అతనికి మూడు రకాల ప్రకటనలు వచ్చు. సినిమా, పోలియో చుక్కలు, దినాలు. నాలుగోది ఇంతవరకు అవసరం పడలేదు.

"సార్, నవలంటే ఏమి?" అన్నాడు.

"పుస్తకమప్పా. కట్టుకథ."

"ఆ మాట కొట్టేద్దాం సార్. పుస్తకమంటే బడి ఫీజు అడిగేదానికి వచ్చినారని తలుపేసుకుంటారు."

"మరేం చెప్తావు?"

"పేరు చెప్తా. పేరులోనే ఉండాది దమ్ము."

రామాంజనేయులుకు ఆ మాట నచ్చింది. పుస్తకం పేరును మెచ్చుకున్న మొదటి మనిషి యేసన్నే.

కాసేపటికి వీధి చివర మైకు గొంతు సవరించుకుంది.

"పెద్దాయన హత్య! పెద్దాయన హత్య! ఈ దినం సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు, మన రీడింగ్‌రూము కాడ! ఊరి పెద్దలు, అక్కచెల్లెండ్లు, బంధుమిత్రులు తరలివచ్చి ఈ కార్యక్రమాన్ని జయప్రదం చేయవలసిందిగా కోరుచున్నాము! అనంతరం భోజన వసతి కలదు!"

"గొంతు బాగుండాది," అన్నాడు రామాంజనేయులు.

వంటింట్లో పోపు మాడిన వాసన వచ్చింది. మల్లీశ్వరి గరిటె చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏమయ్యా, వాడేమన్నాడు?"

"నా పుస్తకం పేరు."

"ఏ పెద్దాయన?"

"కథలో పెద్దాయన."

"ఈ ఊర్లో కథలో పెద్దాయన లేడు. ఇద్దరుండారు. ఇద్దరూ బతికే ఉండారు."

రామాంజనేయులు పుట్టింది శింగనమల పక్క పల్లెలో. అక్కడ పెద్దాయన అంటే వయసైనవాడు, అంతే. నీలగుట్టలో ఆ అర్థం చెల్లదు. తూర్పు వీధిలో పెద్దాయన అంటే బయ్యన్న. పడమటి వీధిలో పెద్దాయన అంటే తిప్పన్న. పేర్లు పలకడం పోలీసుల పని. అవతలి వీధి పెద్దాయనను ఇద్దరి మనుషులూ ‘వాడు’ అంటారు. అయ్యవారి ముందు ఎవరూ వాళ్ళను అలా పిలవరు కాబట్టి రామాంజనేయులు ఆ మాటను నిఘంటువులో ఉన్నట్టే వాడుకున్నాడు.

ఇద్దరి పంతానికీ చాలామంది పోయారు. ఆఖరున పోయినవాడు మల్లీశ్వరి అన్న దేవేంద్ర. అతను ఏ వీధి మనిషీ కాదు. ఎక్కకూడని బస్సు ఎక్కాడు. ఆ తర్వాత రెండు వీధులూ అలసిపోయి రాజీ పడ్డాయి. రెండు వీధుల ఆడవాళ్ళు ఒకే బోరు దగ్గర బిందెలు పెట్టుకుంటున్నారంటే, పిల్లలు ఒకే బడికి పోతున్నారంటే ఆ రాజీ వల్లే. దాన్ని నిలబెడుతున్నది ప్రేమ కాదు. ఎవరూ మొదట పేరెత్తకపోవడం, అంతే.

"నువ్వు పేరెత్తినావు," అంది మల్లీశ్వరి. "మైకులో ఎత్తినావు."

రామాంజనేయులు చెప్పులేసుకోకుండా ఆటో వెనక పరుగెత్తాడు. అప్పటికే అది తూర్పు వీధిలో ఉంది.

తూర్పు వీధిలో బయ్యన్న అరుగు మీద గడ్డం గీయించుకుంటున్నాడు. మైకు మాట విని మంగలి చేయి గొంతు దగ్గరే ఆగిపోయింది.

"కానీయప్పా," అన్నాడు బయ్యన్న. "నాలుగింటికంట. ఇంకా టైముండాది."

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకడు మెల్లగా అన్నాడు, "చెప్పి చేస్తాండాడు పెద్దాయనా. వాడు మొగోడే."

"భోజనాలు కూడా పెడ్తాడంట."

బయ్యన్నకు అప్పుడు కోపం వచ్చింది. "నా చావుకు వాడు అన్నం పెట్టేదేమి? మాకు లేకనా?"

పడమటి వీధిలో కూడా అదే క్యాసెట్టు, దాదాపు అవే మాటలు. తిప్పన్న యేసన్నను పిలిపించి మంచినీళ్ళు ఇప్పించాడు. పడమటి వీధిలో తిప్పన్న ఎవరికైనా మంచినీళ్ళు ఇప్పించాడంటే వాళ్ళు భయపడాలి.

"ఎవురు చెప్పమన్నారప్పా?"

"అయ్యవారు."

"అయ్యవారు యాడ తింటాండాడో ఇప్పుడు తెలిసింది," అన్నాడు తిప్పన్న.

ఆ మాట చెవిన పడగానే యేసన్నకు ఊరు కొత్తగా కనబడింది. వీధిలో ఎవరూ నవ్వడం లేదు. దండెం మీది గుడ్డలు తీసేస్తున్నారు. పొద్దున మేతకు పోయిన మేకలు మధ్యాహ్నం కాకముందే ఇళ్ళకు వస్తున్నాయి. అతను ఆటోను రీడింగ్‌రూము ముందు దాకా తెచ్చి, తాళం తీసి జేబులో వేసుకుని, అద్దాలెత్తి, తలుపులు బిగించి, చేలకు అడ్డం పడి పోయాడు. మైకు మాత్రం ఆపలేదు. అది వేరే బ్యాటరీ మీద నడుస్తుంది. క్యాసెట్టు చివరికి పోవడం, తనంతట తనే తిరగడం, మళ్ళీ మొదలు. మనిషి లేని ఆటో నడిబజార్లో నిలబడి ఊరినంతా హత్యకు పిలుస్తూనే ఉంది. రామాంజనేయులు దాని అద్దం మీద చేతులతో కొట్టాడు. అటుగా పోతున్న ఒక ముసలమ్మ ఆగి, "సొంత డప్పు కొట్టుకుంటాండావా నాయనా, బాగుండాది," అని వెళ్ళిపోయింది.

కాలువ పనిలో ఉన్న కూలీలు గంపలు అక్కడే పడేసి ఇళ్ళకు చేరారు. అంగళ్ళ తలుపులు ఒకటొకటిగా పడ్డాయి. అనంతపురం నుంచి ముఖ్య అతిథి ఎక్కిన బస్సు పొలిమేరలో ఆగి, సంగతి విని, అట్నుంచి అటే తిరిగిపోయింది. ఆయన కిటికీలోంచి ఊరికి నమస్కారం పెట్టాడని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నానికి ఎస్సై జీపు అయ్యవారి ఇంటి ముందు ఆగింది. ఎస్సై ఆ ఊరికి కొత్త. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"చంపేది ఎవర్ని?"

"పెద్దాయన్ని సార్."

"చంపేది ఎవరు?"

"అది చివర్లో గానీ చెప్పకూడదు సార్."

ఎస్సై కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ తలుపు మూశాడు.

"ఎన్నాళ్ళుగా ప్లాను?"

"రెండేండ్లుగా. సెలవుల్లోనే కుదిరేది సార్."

"ఎట్లా చంపుతున్నారు?"

"మజ్జిగతో."

చెంపదెబ్బ వంటింటి దాకా వినబడింది. మల్లీశ్వరి వచ్చి, మంచం కిందికి వంగి, ఒక కట్ట బయటికి లాగి ఎస్సై ఒళ్ళో పెట్టింది.

"ఇదీ సామీ మా ఇంటాయన చేసిన హత్య. ఊరికే కొట్టొద్దండి. చదివి కొట్టండి."

ఎస్సై అట్ట చూశాడు. పడక కుర్చీ బొమ్మ, పక్కన గ్లాసు బొమ్మ. లోపల రెండు పేజీలు తిప్పాడు. బయట మైకు జయప్రదం చేయమని కోరుతోంది.

"సార్, సభ రద్దు చేస్తానని చెప్పండి," అన్నాడు రామాంజనేయులు చెంప పట్టుకుని.

"రద్దంటే ఎవరు నమ్ముతారయ్యా? వాయిదా అనుకుంటారు. తేదీ తెలిసిన హత్యకైతే కాపలా కాయొచ్చు. వాయిదా పడిన హత్యకు యాడ కాసేది?" ఎస్సై లేచాడు. "సభ జరగాల. ఇద్దరూ రావాల. నువ్వు వాళ్ళ ముందర పుస్తకం చదవాల. లేదంటే రేపట్నుంచి ఈ ఊర్లో నువ్వుండవు. ఈ ఊరే ఉండదు."

నాలుగింటికి రీడింగ్‌రూము నిండింది. ఆ మిద్దెకు అవధానాల కాలంలో కూడా అంతమంది వచ్చి ఉండరు. తూర్పు వాళ్ళు తూర్పు గోడకు, పడమటి వాళ్ళు పడమటి గోడకు ఆనుకుని కూర్చున్నారు. ముందు వరుసలో రెండు కుర్చీలు. వాటిలో బయ్యన్న, తిప్పన్న. ఇద్దరూ ఉతికిన పంచెలు కట్టుకుని వచ్చారు. చచ్చినా చంపినా మర్యాదగా ఉండాలని. కొడవళ్ళన్నీ ఎస్సై వాకిట్లోనే పెట్టించి, పైన గోనెపట్ట కప్పించాడు. మల్లీశ్వరి చిత్రాన్నం గంగాళం తెప్పించి ఆ పక్కన దించింది. తను పోయి ఆ గోనెపట్ట మీదే కూర్చుంది. లేవమనడానికి కానిస్టేబుల్‌కు ధైర్యం చాలలేదు.

బ్యాటరీ అయిపోయి మైకు ఆఖరుసారి ‘పెద్దాయన...’ అని సాగదీసి ఆగిపోయింది. రామాంజనేయులు మొదటి అధ్యాయం తెరిచాడు. గొంతు నిలబడింది. పాతికేళ్ళు పాఠం చెప్పిన గొంతు. పోస్టుమాస్టరు పడక కుర్చీలో కూర్చున్నాడు. మజ్జిగ వచ్చింది. తాగాడు. తల వాలింది.

హాలులో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఈ గోడ నుంచి అవతలి గోడకు పోయింది.

"ఓర్నీ! ఇది పుస్తకమా?" అన్నాడు బయ్యన్న.

"పుస్తకమే," అన్నాడు ఎస్సై. నుదురు తుడుచుకున్నాడు.

అక్కడితో అయిపోయి ఉండేది. కానీ రామాంజనేయులుకు తన రాత మీద ప్రేమ పొంగింది. ఇంకొక్క పేరా అన్నాడు. "పెద్దాయన పోయాడని తెలిసి ఎవరూ చెప్పకుండానే అంగళ్ళు మూసేశారు. ఆయన వీధిలో నడిస్తే కూర్చున్నవాళ్ళు లేచేవారు. ఆ తెల్ల మీసం చూసి పిల్లలు అల్లరి మానేవారు. ఆ రోజు ఊరంతా ఏడ్చింది. అంతటి మనిషి మళ్ళీ ఆ ఊళ్ళో పుట్టలేదు."

బయ్యన్న మీసం మీద చేయి వేసుకున్నాడు. "బాగా రాసినావు అయ్యవారూ. నన్ను ఇంత దగ్గర్నుంచి ఎప్పుడు చూసినావు?"

తిప్పన్న కుర్చీలో కదిలాడు. "నిన్నా? నీకు అంగళ్ళు మూసేది యాడప్పా, నీ మనుషులు మూయిస్తే గదా! ఎవురూ చెప్పకుండానే అని రాసినాడు. అది నేను."

"నీకు తెల్ల మీసం యాడిది? రంగేసుకుంటావు."

"నువ్వు నడిస్తే లేచేది ఎవురు? ఎద్దులు."

"అయ్యవారూ," బయ్యన్న లేచి నిలబడ్డాడు. "చచ్చింది ఎవురు? నేనా, వాడా? ఒక మాట చెప్పు."

పొద్దుట్నుంచి తనను చంపుతారని ఉడికిపోయిన ఇద్దరూ ఇప్పుడు చచ్చింది తనేనని పట్టుబట్టారు. చచ్చినవాడెవడో వాడే ఈ ఊరికి పెద్దాయన. అచ్చులో ఉంది.

"ఎవురూ కాదు," అన్నాడు రామాంజనేయులు. "ఆయప్పది శింగనమల."

"శింగనమలోడు చస్తే మా ఊరెందుకు ఏడుస్తాది?" అని రెండు గోడలూ ఒక్కసారే అరిచాయి. ఆ పొద్దంతా రెండు వీధులూ ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

తిప్పన్న కూడా లేచాడు. అతను లేస్తే పడమటి గోడంతా లేచింది. తూర్పు గోడ అప్పటికే లేచి ఉంది. కుర్రవాళ్ళ కళ్ళు వాకిలి వైపు పోయాయి. ఎస్సై చేయి నడుము మీదికి పోయింది. ముందు కదిలిన ఇద్దరు గోనెపట్ట దాకా వచ్చి ఆగారు. మల్లీశ్వరి లేవలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మా అన్న దినాలకు మీ పెద్దోళ్ళు ఇద్దరూ వచ్చినారు. ఒకరు పొద్దున, ఒకరు మధ్యాన్నం. ఇద్దరికీ నేనే వడ్డించినా. ఇద్దరూ వడ మళ్ళీ అడిగి తిన్నారు. ఈపొద్దు ఎవుర్ని సంపుతారో సంపండి. నేను వండలేను. నాకు చేతనయ్యేది ఈ చిత్రాన్నమే."

ఎవరూ కూర్చోలేదు. ఆ ఆగడం ఎంతసేపు నిలుస్తుందో అందరికీ తెలుసు. రామాంజనేయులు చేతిలోని పుస్తకం అట్ట మీద చూపు నిలిపాడు. పాతికేళ్ళుగా నేర్పిన వ్యాకరణంలో ఆ ఊరికి పనికొచ్చేది అప్పుడు ఒక్కటి దొరికింది.

"అచ్చుతప్పు!" అని అరిచాడు.

అందరూ తిరిగారు.

"అచ్చుతప్పు పడింది. ప్రెస్సోడు ఒక అక్షరం మింగినాడు. నేను రాసింది ‘పెద్దాయనల హత్య’. ‘ల’ పోయింది. బహువచనం."

"అంటే?" అన్నాడు తిప్పన్న.

"అంటే ఇద్దరూ."

బయ్యన్న ఆలోచించాడు. "ఇద్దరూ చస్తామా?"

"ఇద్దరూ."

"ఇప్పుడు చదివినప్పుడు ఒకడే గదా చచ్చింది?"

"రెండో ఆయన వెనక పేజీల్లో."

"ముందు ఎవురు?"

రామాంజనేయులు పుస్తకం మూసేశాడు. "ఒకేసారి. అక్కడ మళ్ళీ వివరంగా చెప్పినా. ఒకే మజ్జిగ."

బయ్యన్న కళ్ళు చిన్నవి చేశాడు. "వాడు తాగిన గ్లాసుతోనేనా?"

"రెండు గ్లాసులు."

"అట్లయితే సరే," అని బయ్యన్న కూర్చున్నాడు. అది చూసి తిప్పన్న కూడా కూర్చున్నాడు, కొంచెం ఆలస్యంగా. మొదట కూర్చున్నవాడు తాను కాకూడదని.

తర్వాత పని అంతా ‘ల’ పని. పుస్తకాలన్నీ చాప మీద పరిచారు. రామాంజనేయులు ఎర్రసిరాతో, ఎస్సై నల్లసిరాతో ప్రతి అట్ట మీదా ‘న’కూ ‘హ’కూ నడుమ ఇరికించి ‘ల’ రాశారు. పెద్దాయనలు ఇద్దరూ వంగి చూశారు. ఒక ‘ల’ మరీ చిన్నదిగా ఉందని తిప్పన్న అభ్యంతరం చెప్పాడు. దాన్ని దిద్దారు. చివరికి ఇద్దరి చేతా ఒకే పుస్తకం పట్టించి, ఎస్సై చప్పట్లు కొట్టించాడు. అదే ఆవిష్కరణ.

మల్లీశ్వరి గోనెపట్ట మీది నుంచి లేవకుండానే వడ్డించింది. విస్తళ్ళు చేతి నుంచి చేతికి పోయాయి. రెండు గోడల మధ్య ఖాళీ చాలక, వరుసలు కలిసిపోయాయి. ఆమె విస్తరిలో కూడా ఎవరో ఇంత చిత్రాన్నం పెట్టారు. పెట్టింది ఏ వీధి మనిషో ఆమె చూడలేదు. బయ్యన్న, తిప్పన్న పక్కపక్కన కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిన్నారు. బుడ్డలు పంటికింద నలిగే చప్పుడు ఒక్కటే వినబడింది.

పుస్తకంలో చచ్చింది ఇప్పటికీ ఒక్కడే. ఆ వెనక పేజీల దాకా ఎవరూ చదవలేదు.